వెన్నెల కళ్లవాళ్ల గుండెలు

నాట్ల తడి. పోరు జరిగిన రోజు.

కుడి కాలువ గేటు లాగ్. రాసేది కట్ల సైదమ్మ. ఎవరు గెలిచారు, మన గేటు ఎంతసేపు లేచి ఉంది, ఈ రెండు ముక్కలే రాయాలని గట్టు పెద్ద నరసరాజు హుకుం. ఆయనకు చదవడం రాదు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

పొద్దున్నే గంజి కాచి, కట్టుగుడ్డలు ఉడకబెట్టి ఆరేశాను. తమ్ముడు ఎల్లమంద పోరు కట్లు కట్టించుకోవడానికి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వాడి మడమల వెనక నరం మీద రెండు గుబ్బలు ఉంటాయి, కట్టు వాటి మీంచి జారిపోతూ ఉంటుంది. ఆ గుబ్బల్లో బలం దాచి ఉంటుందని మావాళ్ల నమ్మకం. కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి అంచు ఉన్నవాళ్లను వెన్నెల కళ్లవాళ్లు అంటాం. పోరుకి వాళ్లనే పంపుతాం. మా మొదటి పోరుగాడు కోటప్పకి ఆ కళ్లూ ఆ గుబ్బలూ ఉండేవట, అందుకని. నాకు రెండూ లేవు. అందుకే నా చేతికి కట్టుగుడ్డలు వచ్చాయి.

ఆనకట్ట వంతెన నడిమధ్యలో నాడి పలక ఉంది, పూర్వం వాళ్లు బిగించిన యంత్రం. బిడ్డ పుట్టగానే అరచేతిని దానికి చూపిస్తాం. ఆ తర్వాత ఎప్పుడు ఆ చెయ్యి పలక మీద పడినా, అందులో నాడి కొట్టుకుంటున్నంతసేపూ ఆ మనిషి వైపు గేటు లేచి ఉంటుంది. చెయ్యి తీసినా, నాడి ఆగినా దిగిపోతుంది. ఎందుకలా కట్టారో ఎవరికీ తెలియదు. బహుశా నిద్రపోయే గుమస్తాలతో విసిగిపోయి ఉంటారు. ప్రతి తడికీ, అంటే పైరుకు నీళ్లు పెట్టాల్సిన ప్రతిసారీ, మా కుడి కాలువ నుంచి ఒకరు, ఎడమ కాలువ నుంచి ఒకరు వంతెన ఎక్కి పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఆ పలక కోసం కొట్టుకుంటారు. చేతికర్ర ఉండొచ్చు, ఇనుము ఉండకూడదు.

ఇవాళ ఎడమవాళ్లు మస్తాన్ అనే సన్నపాటి కుర్రవాణ్ణి దింపారు. వాళ్లెప్పుడూ అంతే. పలక జోలికి రారు, దెబ్బకు దెబ్బ కొట్టరు, కర్రతో పొడిచి పారిపోతారు. ఎదుటివాణ్ణి పడగొట్టకుండా పలక పట్టుకోవడం మాకు సిగ్గు, అందుకని మనవాడు వెంటపడాలి, వాడు వంతెన మెట్లెక్కాలి, మనవాడూ ఎక్కాలి. పిరికి సన్నాసులని ఈల వేసి నవ్వుకుంటాం. ఇవాళా నవ్వుకున్నాం.

మధ్యాహ్నానికి ఎల్లమందకి వాడు దొరికాడు. ఒక్క దెబ్బకి మస్తాన్ భుజం విరిగిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది. తమ్ముడు వెళ్లి పలక మీద చెయ్యి వేశాడు, మా గేటు లేచింది, జనం కేకలు పెట్టారు. అప్పుడు వాడు రెండో చేత్తో దవడ పట్టుకున్నాడు, పన్ను నొప్పి వచ్చినట్టు. ఒళ్లంతా చెమట. మెల్లగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెయ్యి పలక మీదే ఉంది, గేటు మాత్రం దభీమని దిగిపోయింది. దానర్థం ఏమిటో మా పసిపిల్లలకు కూడా తెలుసు.

మస్తాన్ అప్పటికి చాలా దూరంలో భుజం పట్టుకుని మూలుగుతున్నాడు. అయినా ఎవరో "కర్రకి విషం పూశాడ్రా" అన్నారు. అంతే, మావాళ్లు జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దాటి వంతెన మీదికి దూకారు. రాళ్లతో, కాళ్లతో, వాడి కర్రతోనే వాణ్ణి కొట్టి చంపారు. వాడు కడదాకా "అమ్మా, నేనేం చెయ్యలా" అంటూనే ఉన్నాడు. నేనూ పరిగెత్తాను, నేనూ తన్నాను. నా తమ్ముడు చచ్చాడన్న కోపం తప్ప నాకేమీ కనిపించలేదు.

మర్నాడు.

వంతెన మీద పోయినవాళ్ల గుండెను తీసి గేటు కింద నీళ్లలో వదలడం మా ఆచారం. ఆ పని కూడా కట్లు కట్టేదానిదే. నా చేతులతో చాలామంది గుండెలు తీశాను. ఎవరి గుండెకూ గాటు పడకూడదు, నిండుగా నీళ్లకు చేరాలి. అందుకే ఇన్నేళ్లలో ఒక్క గుండెలోకీ నేను తొంగి చూడలేదు.

తమ్ముణ్ణి కడుగుతూ ఒళ్లంతా వెతికాను. కర్ర పొడిచిన చోట రెండు కమిలిన మచ్చలు, అంతే. దోమ కుట్టినవాడు కూడా ఇంతకంటే ఎక్కువ గోక్కుంటాడు. వాణ్ణి చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగినదాన్ని. వాడి ఛాతీ కొయ్యాల్సి వస్తే కత్తి జారింది. గుండె మీద పాకే నాళం తెగింది.

తెగలేదు, విరిగింది. గుడ్డు పెంకు మీద వేలు నొక్కినట్టు చిటుక్కుమంది. లోపల పసుపు పచ్చటి ముద్ద, గడ్డకట్టిన నెయ్యిలా. కత్తి మొనతో లాగితే మైనంలా ఊడి వచ్చింది. ఆ నాళంలోంచి రక్తం పోవడానికి ఆవగింజంత దారి కూడా లేదు.

మస్తాన్ శవాన్ని మావాళ్లు అప్పటికే అలుగు మీంచి కిందికి తోసేయబోతున్నారు. గుండె తీసిగానీ తొయ్యకూడదని అడ్డం పడ్డాను. వాడి గుండెను మాత్రం కావాలనే కోసి చూశాను. నాళాలు మెత్తగా, శుభ్రంగా ఉన్నాయి. చిటికెన వేలితో నొక్కితే నొక్కుకుపోయాయి. ఒక్క మరక లేదు.

తమ్ముడి గుండెను ఆచారం ప్రకారం నీళ్లలో వదిలాను. మస్తాన్ గుండెను వదల్లేదు. ఉప్పు వేసి కుండలో పెట్టి మూత కట్టాను. వాణ్ణి నేను తన్నిన కాలు నిన్నటి నుంచి నాకు బరువుగా ఉంది.

ఇంట్లో ఎల్లమంద కూతురు అంకి గోడకు ఆనుకుని కూర్చుంది. దానికి తల్లి ముందే పోయింది. నాట్లు వేస్తూ వంగినావిడ లేవలేదు. ఆవిడవీ వెన్నెల కళ్లే, పెద్దలే ఏరి కోరి చేశారు ఆ పెళ్లి. అంకికి మడమలకే కాదు, మోచేతుల మీద, వేళ్ల కణుపుల మీద కూడా పసుపు గుబ్బలున్నాయి. విత్తనాలు చల్లే ముందు జనం వచ్చి వాటిని తాకి దణ్ణం పెట్టుకుంటారు. మెట్లెక్కేటప్పుడు అది మధ్యలో ఆగి జుట్టు ముడి వేసుకుంటుంది. ముడి ఊడకపోయినా వేసుకుంటుంది. అది ఆయాసం దాచుకోవడానికని నాకు ఇవాళ అర్థమైంది.

"వచ్చే తడికి నేనెక్కుతన్నా అత్తా," అంది. "నాన్నని చంపినోళ్లని వదల."

నాట్లయిన వారం.

కుండ చంకన పెట్టుకుని ఎడమ గట్టుకు వెళ్లాను. కావలివాళ్లు ముందు కొట్టి, తర్వాత ఎవరని అడిగారు. ఒక పన్ను ఊడింది. కుండ మాత్రం కింద పడనివ్వలేదు. మస్తాన్ తల్లి ఎవరని అడిగితే వాళ్లే తీసుకెళ్లారు.

ఆమె పేరు జుబేదా. ఎడమ కాలువ మొత్తానికి వైద్యం ఆమెదేనట. కుండ మూత తీసి చూసింది. తర్వాత పక్కనున్న పచ్చడి బండ తీసుకుని నా భుజం మీద ఒకటి, వీపు మీద ఒకటి వేసింది. నేను కదల్లేదు. మూడోది వెయ్యబోయి బండ కింద పడేసి గోడవైపు తిరిగి నిలబడింది.

"కోశావా లోపల?" అంది.

"కోశా. శుబ్బరంగా ఉంది. మావోడిది చెక్కలా ఉంది. లోపలంతా పసుప్పచ్చ కొవ్వు. ఎందుకో నీకు తెలుసా?"

ఆమె నవ్వింది. అంత చేదు నవ్వు నేను చూడలేదు.

"మా తాతల కాడ్నుంచీ తెలుసు. పాత పుస్తకాల్లో దాన్ని కొలెస్ట్రాల్ అంటారు. రగతంలో అందరికీ ఉండాల్సిందే, ఎక్కువైంది కాలేయం పట్టుకుని తీసేసుద్ది. మీ వెన్నెల కళ్లోళ్ల కాలేయానికి పుట్టుకతోనే పట్టు సగం. మిగిలిందంతా యాడ సందు దొరికితే ఆడ పేరుకుంటది. కంటి అంచున తెల్లంగా, మడమల కాడ గుబ్బలుగా. గుండె నరాల్లో కూడా అదే. మీరు దాన్ని బలమంటన్నారు. మేం వాళ్లని కొట్టాల్సిన పనేముంది, పరిగెత్తిస్తే చాలు."

మేం ఈల వేసి నవ్వుకున్నదంతా గుర్తొచ్చింది.

"నాకెందుకు లేదు? వాడూ నేనూ ఒక్క కడుపునే పుట్టాంగా."

"మీ నాన్నకుందా ఆ కన్ను?"

"ఉంది."

"ఆ పట్టు అమ్మ పక్కనుంచి ఒక వాటా, నాన్న పక్కనుంచి ఒక వాటా వచ్చుద్ది. ఆయన దగ్గర ఒకటి మంచిదుంది, ఒకటి చెడ్డదుంది. పుట్టిన బిడ్డకి రెంటిలో ఏదో ఒకటే ఇస్తాడు. నీకు మంచిది వచ్చింది, నీ తమ్ముడికి రాలా. ఇందులో పుణ్యమూ లేదు, పాపమూ లేదు. అట్టాంటి ఇద్దరికి పెళ్లి చేశారనుకో, నలుగురు పిల్లల్లో ఒకరికి రెండు పక్కలా చెడ్డదే వచ్చుద్ది. వాళ్ల కాలేయానికి అసలు పట్టే ఉండదు. చిన్నప్పుడే వేళ్ల మీద గుబ్బలొస్తయ్."

నేను అంకి గురించి చెప్పాను, దానికి పద్దెనిమిది నిండాయని కూడా. జుబేదా అడ్డంగా తల ఊపింది.

"పద్దెనిమిదేళ్లు బతకటమే ఎక్కువ. ఎక్కితే వంతెన మీదే పోద్ది. మీవోళ్లని మేం చంపలేదమ్మా, మీ పెళ్లిళ్లు చంపుతన్నయ్. నా బిడ్డని మాత్రం మీరే చంపారు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదని తెలిసి కూడా ఏడ్చాను. వెళ్లబోతుంటే పిలిచి చిన్న మూట చేతిలో పెట్టింది. అన్నం మీద పెంచి ఎండబెట్టిన ఎర్ర బూజు. వాళ్ల వైపు వెన్నెల కళ్లతో పుట్టినవాళ్లకు రోజూ గంజిలో వేసి పోస్తారట.

"ఒక పక్క చెడినోళ్లకి ఇది బాగా పని చేసుద్ది. ఆ పిల్లకి కొంచెమే. గెంతులూ పరుగులూ మాన్పిస్తే ఇంకొన్నాళ్లు. నీ మీద జాలితో కాదు ఇచ్చేది. తెలిసీ ఇన్నేళ్లూ నోరు మూసుకున్నందుకు నా కొంపకే వచ్చింది. పో ఇంక."

పిలకల తడి.

వాన పడింది, పోరు లేదు. నరసరాజు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన పళ్లు కుట్టుకుంటూ విన్నాడు.

"వెన్నెల కళ్లోళ్లని దించొద్దని శత్రువు చెప్పక ఇంకెవరు చెప్తారే? బూజు పట్టిన కూడు ఇచ్చారా? తిని చావమని ఇచ్చుంటారు. నువ్వు కట్లు కట్టుకో, బుర్ర నాకొదిలెయ్."

ఆయన బుర్ర ఎవరికీ అక్కర్లేదని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అంకికి చెప్పినా అదే గోల. "మా నాన్న పోరులో చచ్చాడు. జబ్బుతో చచ్చాడని ఇంకోసారన్నావంటే నీ ఇంట్లో ఉండను," అని గంజి చెంబు గోడకేసి కొట్టింది. తర్వాత ఆయాసంతో చాలాసేపు మంచం పట్టె పట్టుకుని నిలబడింది. నేను చూడలేదనుకుంది.

పొట్ట తడికి ముందు.

వాన మొహం చాటేసింది. వరి పొట్ట మీదికొచ్చింది. ఇప్పుడు నీళ్లు పడకపోతే కంకులన్నీ తాలే, ఊరంతా పస్తే. నరసరాజు అంకిని పోరుకి ఎంచి మెడలో దండ వేశాడు.

నిన్న మధ్యాహ్నం సాధనకి కట్లు కట్టించుకోవడానికి అంకి నా ముందు కాళ్లు చాపి కూర్చుంది. చిన్నప్పటి నుంచీ అలాగే కూర్చుంటుంది, కళ్లు మూసుకుని, తల గోడకు ఆనించి. రెండు కాళ్లూ కలిపి మోకాళ్ల దాకా కట్టేశాను. బిగుతైంది అత్తా, అంది. కుడి చీలమండ కింద పీట పెట్టి రోకలి ఎత్తి కొట్టాను.

మొదటి దెబ్బకి విరగలేదు. రెండోది కొట్టాల్సి వచ్చింది. అది అరిచింది. నా జుట్టు పట్టుకుంది, నా బుగ్గ కొరికింది, "అత్తా" అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఎముక సరిచేసి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాను. నా జన్మలో అంత శ్రద్ధగా కట్టు కట్టి ఉండను. కుంటిదవుతుంది. బతుకుతుంది.

అరుపులు విని వచ్చినవాళ్లు నన్ను వీధిలోకి ఈడ్చారు. చేతికందినదాంతో కొట్టారు. తల పగిలి రక్తం కళ్లలోకి కారుతుంటే నరసరాజు చెప్పులు కనిపించాయి.

"ఊళ్లో మిగిలిన వెన్నెల కన్ను మన వీధి కోటయ్య కూతురొక్కతే. పద్నాలుగేళ్లు దానికి. అదన్నా ఎక్కాల, నువ్వన్నా ఎక్కాల. చెప్పు."

"నేనెక్కుతా," అన్నాను. ఆయన అదే కోరుకున్నాడు. నేను వంతెన మీద చావడం చూడాలని ఊరికంతా సరదాగా ఉంది.

ఇవాళే పోరు. కట్టుగుడ్డలు ఉడకబెట్టి, ఈసారి ఆరెయ్యకుండా తడిగానే నడుముకు చుట్టుకుంటున్నాను. కర్ర తిప్పడం నాకు రాదు. వచ్చిన పని ఒకటే ఉంది, దాన్నే నమ్ముకుంటాను.

కోతలు.

ఇది రాస్తున్నది అంకి. అత్త చేతులు రెండూ బద్దల్లో ఉన్నాయి. నోటితో చెప్తే రాయమంది. చెప్పింది సగం రాస్తాను, సగం నాది.

పోరు రోజు నన్ను మంచంతో సహా గట్టు మీదికి మోసుకెళ్లారు. నేనే మొయ్యమన్నాను. ఆమె చావడం చూడాలనుకున్నాను. అబద్ధం ఎందుకు రాయాలి.

ఎడమవాళ్లు బాజీని దింపారు. అలవాటు ప్రకారం పలక వదిలేసి దూరంగా గంతులేస్తూ రమ్మని సైగ చేశాడు. అత్త వాడివైపు చూడనే లేదు. నేరుగా పలక దగ్గరికి నడిచి కుడి చెయ్యి దాని మీద పెట్టింది, నడుము గుడ్డ విప్పి మణికట్టును పక్కనున్న ఇనుప కడ్డీకి చుట్టి పళ్లతో ముడి లాగింది. గేటు లేచింది. గట్టు మీద ఒక్కడు కూడా కేక పెట్టలేదు. మా వెన్నెల కళ్లవాళ్లెవరూ ఎన్నడూ అలా కట్టుకోలేదు, అది సిగ్గు కింద లెక్క. నరసరాజు ఉమ్మేశాడు.

బాజీ వచ్చి ముడి విప్పబోయాడు. తడిగుడ్డ లాగే కొద్దీ బిగిసింది. పళ్లు పెట్టబోతే అత్త వాడి చెవి కొరికి ముక్క ఉమ్మింది. అక్కడి నుంచి వాడు కొట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి విరగ్గొట్టాడు. పక్కటెముకలు విరగ్గొట్టాడు. చెయ్యి ఊడి పడుతుందేమోనని కట్టుకు పైన ముంజేతి మీద కొట్టాడు, ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. అరచెయ్యి పలక మీదే ఉంది. నెత్తి మీద కొట్టాడు, ఆమె తల వేలాడేసింది. పోయిందనుకుని అందరూ గేటు వైపు చూశారు. నేనూ చూశాను.

గేటు దిగలేదు. ఆమెకి స్పృహ లేదు, గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. నీళ్లు కాలవలో పొర్లిపోతూనే ఉన్నాయి. అప్పుడు నాకు నాన్న గుర్తొచ్చాడు. ఒంటి మీద గాయం లేకుండా గేటు దించేసిన నాన్న. అత్త చెప్పింది నిజమని ఆ నిమిషాన నమ్మాను. "కొట్టద్దురా" అని అరిచాను, నా గొంతు నాకే తెలియలేదు. సాయంత్రానికి బాజీకి చేతులు పడిపోయి ఆమె పక్కనే కూలబడి ఏడ్చాడు.

మా వరి పండింది. ఎడమవాళ్లది చాలామటుకు తాలైపోయింది. అయినా జుబేదా ఎర్ర బూజు పంపింది, కోటయ్య కూతురికి వేరే మూట కట్టి. ఆమెకు మేం బియ్యం పంపుతున్నాం. నరసరాజుకి ఇది తెలియదు, చదవడం ఎలాగూ రాదు.

ఆయన నిన్న పెళ్లి సంబంధం తెచ్చాడు. కాలు పోతే పోయింది, కడుపు బాగానే ఉందిగా అన్నాడు. పెళ్లికొడుకు దూరపు ఊరివాడు, వాడివీ వెన్నెల కళ్లే. నా ఊతకర్రతో ఆయన మోకాలి మీద ఒకటిచ్చాను. గట్టిగానే తగిలింది.

రోజూ కొత్తబియ్యం అన్నం ముద్దలు చేసి అత్త నోట్లో పెడుతున్నాను. తర్వాత నా ఎర్ర గంజి నేను తాగుతాను. మా ఇద్దరికీ ఇంకా మాటలు తక్కువే. నా కాలు విరగ్గొట్టినందుకు నాకింకా కోపం ఉంది. అది పోదు.

మెట్లు ఎక్కకపోయినా ఈ మధ్య ఛాతీ పట్టేస్తోంది. ఇవాళ అన్నం తినిపిస్తూ అత్తకు చెప్పాను. "నేను పోయాక నా గుండె నీళ్లలో వెయ్యమాక. గట్టు మీద అందరి ముందూ కొయ్యి. ఈ గుబ్బలకి దణ్ణం పెట్టినోళ్లందర్నీ పిలిచి, పిల్లల్ని ముందు కూర్చోబెట్టి చూపించు."

అత్త నోట్లో ముద్ద అలాగే ఉంది, మింగలేదు. చాలాసేపు ఏడ్చింది. చేతులు ఆడవు కదా, కళ్లు నేనే తుడిచాను. ఇది మటుకు రాయొద్దే అంది.

రాశాను.